చుర్కీ

మా ఇంట్లో ఇద్దరం కోడళ్ళం. నేను పెద్దదాన్ని, తను చిన్నది. జుట్టు సగం నెరిసినా నేనింకా చిన్నదనే పిలుస్తాను. అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారు. మా సంగతి వేరు. అత్తగారు ఎవర్ని తిట్టినా ఇద్దరం వంటింట్లోకి దూరి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. ఆవిడ పోయాక చిన్నదాన్ని తిట్టే పని నా మీద పడింది. ఆ పనికి నేను ఏ రోజూ లోటు చెయ్యలేదు.

సరిహద్దు దాటి ఈ దేశం వచ్చాక మా ఆయన, మరిది ఒకే గోదాములో చేరారు. మేమిద్దరం ఒక సందులో, నేల మట్టానికి దిగువన ఉన్న గది తీసుకుని బట్టల రిపేరు పెట్టుకున్నాం. ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, లావెక్కిన వాళ్ళకి వదులు చెయ్యడం, చిక్కిన వాళ్ళకి బిగించడం. ఉన్న ఒక్క కిటికీలోంచి రోడ్డు మీద నడిచే వాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. "అదిగో, ఆ నల్ల ప్యాంటు అంచు ఊడింది, రేపు మన దగ్గరికే వస్తాడు చూడు" అనేది చిన్నది. ఒక్కోసారి నిజంగానే వచ్చేవాడు.

కుట్టుపనిలో చేతులు ఆడతాయి, నోరు ఖాళీగా ఉంటుంది. చిన్నది ఆ ఖాళీని పుట్టింటి కబుర్లతో నింపేది. చెప్పిందే చెప్పేది. వాళ్ళ నాన్న కుర్చీలు, బల్లలు, షామియానాలు అద్దెకిచ్చేవాడు. తమ్ముడికి మాటలొచ్చే వయసులో నోరు తిరక్క కుర్చీని 'చుర్కీ' అన్నాడట. ముద్దొచ్చి తండ్రీ అదే అన్నాడు, తండ్రి అంటున్నాడని పనివాళ్ళూ అదే అన్నారు. కొన్నాళ్ళకి పిల్లాడికి నోరు తిరిగింది గాని, అప్పటికి మిగతా అందరి నోళ్ళూ అటు తిరిగిపోయాయి. బండి మీదికి చుర్కీలెక్కించడం, లెక్కపెట్టి చుర్కీలు దింపడం, విరిగిన చుర్కీకి మేకు కొట్టడం. వీధిలో వాళ్ళని చుర్కీల వాళ్ళనే అనేవారట. తండ్రి పోయాక ఆ వ్యాపారం తమ్ముడి చేతికొచ్చింది, మాట కూడా అలాగే వచ్చింది.

"ఇక చాలు, నాకు కంఠతా వచ్చేసింది" అని విసుక్కునేదాన్ని. కాని నిజం చెప్పాలంటే ఆ కబుర్లు ఆగితే గది బోసిపోయేది. నాకు అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు, తోబుట్టువులు లేరు. పుట్టింటి గురించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంతలో అక్కడ, మేం వదిలొచ్చిన దేశంలో, ఎన్నికలు వాయిదా వేశారు. తర్వాత మళ్ళీ వేశారు. పెద్దాయన పదవీకాలం అయిపోయినా దిగడం లేదు. అక్కడ నోరు విప్పితే ఇంటి ముందు జీపు ఆగుతుంది. అందుకని సరిహద్దుకి ఇవతల ఉన్నవాళ్ళు ఫోన్లలో మాట్లాడటం మొదలుపెట్టారు, అవతలివాళ్ళు తలుపులేసుకుని వినడం మొదలుపెట్టారు. చిన్నది కూడా ఒక గ్రూపులో చేరింది. మొహం కనపడదు, గొంతు ఒక్కటే. పేరు 'దబ్బనం' అని పెట్టుకుంది. ఆ పేరేంటే అంటే, "సూది దిగని గుడ్డలుంటాయి కదక్కా" అంది.

మధ్యాహ్నం పని పల్చబడగానే ఫోన్‌ని దారపు ఉండలకి ఆనించి లైవ్ పెట్టేది. నాకు ఒళ్ళు మండేది.

"ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడని, నీకెందుకే ఈ గోల? మనం ఓటెయ్యం, పన్ను కట్టం."

"నా తమ్ముడు అక్కడే ఉన్నాడక్కా."

"అందుకే నోరు ముయ్యమంటున్నా."

"అందుకే మాట్లాడుతున్నా" అనేది. నేను పెడల్ గట్టిగా తొక్కేదాన్ని, మిషన్ చప్పుడులో ఆ మాటలు వినపడకుండా. అయినా ఆ గొంతు గంట కొట్టినట్టుంటుంది, ఏ చప్పుడుకీ అణగదు.

ఒకరోజు మూడోసారి వాయిదా వేశారన్న వార్త వచ్చింది. చిన్నది లైవ్‌లో ఊగిపోయింది. "నాయనా, నీ గడువు అయిపోయింది. అద్దెకి తెచ్చుకున్నది తిరిగివ్వాలని మా నాన్న చెప్పేవాడు. ఇంక చుర్కీ దిగు!" అంది. అన్నది అన్నట్టు తనకే తెలియలేదు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

తెల్లారేసరికి ఆ మాట అక్కడి గోడల మీద ఉంది. బస్సుల వెనక సుద్దతో రాశారు. పిల్లలు బళ్ళో అన్నారట. చదువుకున్న ఒక పెద్దమనిషి ఫోన్‌లో కూర్చుని అరగంట వివరించాడు: కుర్చీకి చురక కలిపి దబ్బనంగారు అద్భుతమైన వ్యంగ్యపదం సృష్టించారని. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ రోజు చిన్నదాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది మా ఇంటి మాటక్కా" అంది.

"నాకెందుకు తెలీదే! మీ వీధి వీధంతటికీ తెలుసు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అప్పటికే అక్కడ, బయటిదేశంలో మాట్లాడేవాళ్ళ చుట్టాలని వెతికి పట్టుకుపోతున్నారు. పోయినవాళ్ళలో కొందరు ఇంకా తిరిగి రాలేదు. ఆ మాట ఏ ఇంట్లో పుట్టిందో ఎవరైనా ఒక్కరు చెబితే చాలు, తమ్ముడు లోపలికి పోతాడు. ఆ భయం ఆ రోజునుంచి మా గదిలో మూడో మనిషిలా కూర్చుంది.

తమ్ముడు గట్టివాడే. పనివాళ్ళని కూర్చోబెట్టి చెప్పాడట, ఇవాళ్టినుంచి కుర్చీని కుర్చీ అనే అనండి, నోరు జారితే అందరం పోతామని. వీధివాళ్ళకి వేరే చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ళకి ఆ కుటుంబం మీద ఎంత ప్రేమ ఉండేదో అప్పుడు తెలిసింది, ఒక్కరూ పెదవి విప్పలేదు.

నోరు జారింది గుంజ. షామియానా గుంజంత పొడుగుంటాడని వాడికా పేరు. ఆ ఇంట్లో జీవితమంతా బరువులు మోసినవాడు. అధికార పార్టీ సభకే కుర్చీలు వేస్తున్నారు. జనం ఎక్కువయ్యారు. వేదిక పక్కనించి గుంజ, అలవాటుగా, గొంతెత్తి, "అన్నా, చుర్కీలు చాలట్లేదు!" అని అరిచాడు.

ఈ సంగతి మాకు చెప్పింది మరదలు, అంటే తమ్ముడి భార్య. పక్కింటివాళ్ళ ఫోన్‌నించి చేసింది. "వదినా, ఈయన్నీ గుంజనీ తీసుకెళ్ళారు. ఆ మాట ఫోన్లో విని నేర్చుకున్నాం, ఇప్పుడు అందరూ అంటున్నారు కదా అని ఈయన చెప్పారట. వాళ్ళు నమ్మేలాగే ఉన్నారు. కాని బయటిదేశంలో ఎవరున్నారని అడిగితే అక్క ఉందని చెప్పక తప్పలేదు. నీకు ఫోన్ చేయిస్తారేమో…" అంటుండగానే ఏదో అలికిడై పెట్టేసింది.

చిన్నది స్టూలు మీదే కూలబడింది. ఫోన్ కత్తిరింపు బల్ల మీద, సుద్దముక్కల పక్కన పెట్టాం. ఒక ముసలాయన కోటు తీసుకోవడానికొచ్చి, గుండీలు ఇంకా కుట్టలేదేమని సణిగాడు. రేపు రమ్మన్నాను. ఆయన మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. చిన్నదాని చెయ్యి అలవాటుగా స్పీకరు నొక్కింది.

"అక్కా, నేనే" అన్నాడు తమ్ముడు. "ఏం లేదు, కొత్త కుర్చీలు కొందామనుకుంటున్నా. ఏ రంగు కుర్చీలైతే బాగుంటాయంటావ్?"

అక్కతో మాట్లాడేటప్పుడు వాడు ఆ మాట సరిగ్గా పలకడం అదే మొదలు. పక్కన ఎవరో ఉన్నారని మా ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. చిన్నది నోరు తెరిచింది. నేను నా అరచేత్తో ఆ నోరు మూసేశాను. వాళ్ళ దగ్గర దబ్బనం గొంతు ఉంది. అక్కడ కావలసింది ఆ గొంతు కాదు.

"తెల్లవి కొనరా, మాసినా కడుక్కోవచ్చు" అన్నాను నేను.

అవతల చప్పుడు లేదు. వాడికి నా గొంతు తెలుసు, ఎప్పుడైనా పలకరిస్తే పెద్దక్కా అనేవాడు. ఆ మౌనం ఇంకాస్త సాగితే పని అయిపోయినట్టే. నా అరచేతి కింద చిన్నదాని ఊపిరి వేడిగా తగులుతోంది.

"సరే అక్కా" అన్నాడు. "ఇక్కడ ఆఫీసరుగారున్నారు, నీతో రెండు ముక్కలు మాట్లాడతారట."

ఆఫీసరు మర్యాదగానే మొదలుపెట్టాడు. "ఏమమ్మా, బాగున్నారా? ఒకసారి వీడియో పెట్టండి, మొహాలు చూసుకుందాం."

"నైటీలో ఉన్నాను బాబూ. పరాయి మగాళ్ళ ముందు వీడియో ఏంటి? మా ఆయన వింటే నన్ను గుమ్మం ఎక్కనివ్వడు."

ఆయన దగ్గాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "సరే సరే. మీ ఇంట్లో కుర్చీని ఏమంటారమ్మా?"

"కుర్చీని కుర్చీ అనక మంచం అంటారా?"

"మీ తమ్ముడికి మోకాలి మీద మచ్చ ఉంది. ఎలా వచ్చిందో చెప్పండి."

నేను అక్కో కాదో తేల్చుకోవడానికి అడిగాడు. ఆ కథ నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. గుట్టగా పేర్చిన వాటి మీదికెక్కి, నేనే రాజునని కూర్చుంటే, గుట్ట కూలి మోకాలు చీరుకుపోయింది. కాని ఆ కథ నేను విన్న ప్రతిసారీ అందులో ఉన్నది కుర్చీ కాదు. చిన్నది ఏ మాటతో చెప్పిందో ఆ మాటతోనే నా బుర్రలోకి ఎక్కి కూర్చుంది. నోరు తెరవగానే అదే వచ్చింది.

"చు…" అన్నాను.

చిన్నదాని కళ్ళు పెద్దవయ్యాయి.

"చుట్టుపక్కల పిల్లలందర్నీ పోగేశాడు బాబూ" అన్నాను, ఎలా అన్నానో నాకే తెలీదు. "పోగేసి, పేర్చిపెట్టిన కుర్చీల మీదికెక్కాడు, రాజుగారిలా. కింద ఒకటి జారింది. అంతే, దబ్బున పడ్డాడు. మేకు గీరుకుని మోకాలు చీలిపోయింది. మా నాన్న వాణ్ని ఎత్తుకుని పరిగెత్తుతూ దారంతా వాణ్నే తిట్టాడు."

"నిజమేనా?" అని ఆయన తమ్ముణ్ణి అడగడం వినిపించింది. "నిజమేనండీ" అన్నాడు వాడు. ఏడుస్తున్నాడని అర్థమైంది.

నేను అయిపోయిందనుకున్నాను. కాలేదు. "ఒక్కటే ప్రశ్నమ్మా. ఈ దబ్బనం అనే ఆవిడ మీ దగ్గర్లోనే ఉంటుందంటున్నారు. ఆవిడ గురించి మీరేమంటారు?"

చిన్నది నా ఎదురుగా ఉంది. తన నోటి మీద నా చెయ్యి ఇంకా ఉంది.

"ఆవిడా? సిగ్గులేని మనిషి" అన్నాను. "జీపు ఆగని ఇంట్లో హాయిగా కూర్చుని, అక్కడివాళ్ళని రోడ్డెక్కమంటుంది. దెబ్బలు వాళ్ళకి, చప్పట్లు ఈవిడకి. అంత ప్రేమ ఉంటే అక్కడికే పోయి అరవొచ్చుగా! ఈవిడ వాగుడు వల్లే ఇవాళ మా తమ్ముడు మీ ముందు నేరస్థుడిలా నిలబడ్డాడు. కనపడితే చెంప పగలగొడతా."

సగం తమ్ముడికోసం అన్నాను. మిగతా సగం ఎన్నాళ్ళుగానో నా కడుపులో ఉన్నదే. అది చిన్నదానికీ తెలిసిపోయింది. నా చేతిని నెమ్మదిగా తీసి పక్కన పెట్టింది.

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి, గుంజని వదిలేశారు. గుంజకి రెండు పళ్ళు లేవు. అన్నం ఎలా తింటున్నాడని మరదల్ని అడిగితే గంజి తాగుతున్నాడంది.

మర్నాడు నా గొంతు అక్కడి ఫోన్లన్నిట్లో మోగింది. రికార్డు చేశారట. 'పరాయి దేశంలో ఉన్నా పుట్టిన గడ్డని మరవని ఆడపడుచు' అని పేరు పెట్టి, తమ్ముడి గురించి అన్న ముక్క కోసేసి, చెంప పగలగొడతానన్నదాకా వదిలారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. జన్మలో ఒక్క రాజకీయం మాట్లాడనిదాన్ని, దిగనంటున్న పెద్దాయనకి నేనే వంతపాడినట్టయింది. చిన్నదాని గ్రూపులోవాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు. అమ్ముడుపోయిన ముండ అన్నారు. దబ్బనంగారు దీనికి జవాబు చెప్పాల్సిందేనని పట్టుబట్టారు.

"నేనింక మాట్లాడనక్కా" అంది చిన్నది. "గ్రూపులోంచి వచ్చేస్తా. అయిపోయింది."

"పిచ్చిమొహమా! మీ తమ్ముణ్ణి పిలిచిన మర్నాడే దబ్బనం నోరు మూతపడితే వాళ్ళకేం అర్థమవుతుంది? మాట్లాడు. నన్ను తిట్టు. రెండు గొంతులు, ఇద్దరు మనుషులని తేలాలి."

"నిన్నెలా తిట్టనక్కా?"

"నిన్న నేను తిట్టలేదూ?"

లైవ్ పెట్టింది. నేను ఎదురుగా మిషన్ ముందు కూర్చున్నాను. మొదట రెండు మాటలు అతుకుల బొంతలా వచ్చాయి. బల్ల కింద కాలితో తన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"అమ్మా, మీరెవరో నాకు తెలీదు" అంది. "మీకక్కడ నా అన్నవాళ్ళు ఎవరూ లేరనుకుంటా. ఉంటే అలా మాట్లాడలేరు. మనవాళ్ళు ఉంటేనే భయం, భయం ఉంటేనే కోపం. మీకు రెండూ లేవు. పుట్టిల్లు లేని మనిషికి ఒకరి పుట్టిల్లు తగలబడితే ఏం తెలుస్తుంది? దూరంనించి చలి కాచుకుంటారు, అంతే." గొంతు ఎక్కడా తడబడలేదు. వేలమంది వింటున్నారు. తెర మీద చప్పట్ల గుర్తులు వానలా కురిశాయి.

నేను తల దించుకుని కుడుతూనే ఉన్నాను. ఆ జిప్పు తలకిందులుగా కుట్టానని తర్వాత చూసుకున్నాను.

ఫోన్ కట్టేశాక, "ఊరికే అన్నానక్కా" అంది.

"నేనూ ఊరికే అన్నాను" అన్నాను. ఇద్దరం అబద్ధమే చెప్పాం. ఆ రాత్రి వంట మాత్రం కలిసే చేశాం, ఉప్పు ఎవరూ వెయ్యలేదు. మా ఆయన, మరిది మాట్లాడకుండా తినేసి లేచారు.

అక్కడి ఆఫీసర్ల అనుమానం తీరింది గాని పూర్తిగా తీరలేదు. తమ్ముడి ఫోన్ వింటున్నారు. ఆదివారం వాడు చేస్తాడు, చెయ్యకపోతే అదో అనుమానం. అక్క అంటే ఇప్పుడు నా గొంతు. చిన్నది పలికితే ఒక్క మాటకి దొరికిపోతాడు. పోనీ లైవ్‌లోనైనా అక్క గొంతు విందామంటే, దబ్బనం మాటలు ఫోన్‌లో ఉంటేనే జైలు. అందుకని వాడు దాని జోలికి పోడు. వేలమంది వినే గొంతు వాడొక్కడికే అందదు.

కాబట్టి ఆదివారాలు నేనే మాట్లాడతాను. చిన్నది నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని పెదాలు కదుపుతుంది, నేను చూసి పలుకుతాను. మందులు వేసుకుంటున్నావా? పాపకి జ్వరం తగ్గిందా? గుంజకి పళ్ళు కట్టించావా? పాపకి ఈమధ్యే మాటలొచ్చాయి. "అత్తా" అని పిలుస్తుంది. ఓయ్ అని నేను పలుకుతాను. నాకంటూ ఒక తమ్ముడు, ఒక మేనకోడలు ఏర్పడ్డారు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని నేనూ చూస్తున్నాననే సంగతి చిన్నదానికి చెప్పలేదు.

మొన్న ఆదివారం కబుర్లన్నీ అయిపోయాక వాడు ఫోన్ పెట్టలేదు.

"అక్కా" అన్నాడు. "నీ గొంతు వినాలనుంది."

చిన్నదాని వైపు తిరిగాను. పెదాలు కదల్లేదు.

"వింటూనే ఉన్నావు కదరా" అన్నాను.

"అవునక్కా. వింటున్నా."

చిన్నది ఒళ్ళో ఉన్న ఎవరిదో ప్యాంటు తీసి మొహానికి అదుముకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ ఏడుపు అవతలికి వినపడకూడదని నేను గొంతు పెంచి, పాప ఏం తింటోంది, అక్కడ వానలెలా ఉన్నాయి, కుర్చీలకి గిరాకీ ఎలా ఉంది అని వాణ్ని అడుగుతూనే ఉన్నాను.